నోరులేని జీవి నోటిలోని బాధ

హైదరాబాదు నగరంలో అబిడ్స్, నాంపల్లి, బేగంబజారు దారులు కలిసే చోట మొజంజాహీ మార్కెట్టు ఉన్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆయన రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో వెలసిన రాతి కట్టడమది. సైఫాబాదులోని మా ఆకాశవాణి కార్యాలయం నుండి పబ్లిక్ గార్డెన్సు దాటి, నాంపల్లి స్టేషను ప్రక్కగా నడిచి వచ్చేవారికి ఆ గడియారపు గోపురం దూరంనుండే కనబడుతుంది. సాయంకాలం పని ముగించుకొని అక్కడ పండ్లో, పిల్లలకు ఐస్‌క్రీమో కొనుక్కొని ఇల్లు చేరడం నాకు చిరకాలంగా అలవాటు.

కొంతకాలం క్రిందట ఒకనాటి సాయంత్రం ఆ పండ్ల సంచితోపాటు మరొక పొట్లం కూడా నా చేతిలో ఉన్నది. ఆ సమీపంలో ఒక మాంసపు దుకాణం వాడు, మా ఇంట కుక్క ఉన్నదని తెలిసినవాడు, "తీసుకెళ్ళండి సాబ్, మీ కుక్కకు పండుగ" అని ఒక పెద్ద నల్లి ఎముకను కాగితంలో చుట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ప్రేమతో ఇచ్చినది ప్రేమతోనే తీసుకున్నాను. ఈనాటి నా ప్రసంగానికి మూలం ఆ ఎముక.

మా కుక్క పేరు మోతీ. ముత్యాల నగరంలో పుట్టినందుకు, తెల్లని పలువరుస కలిగినందుకు మా అమ్మాయి పెట్టిన పేరది. ఆ రాత్రి మోతీ నల్లి ఎముకను ముందుకాళ్ళ మధ్య పట్టుకొని వరండాలో రెండు గంటలసేపు కొరికింది. ఎప్పుడో ఒకసారి 'టక్'మని చప్పుడు వినబడింది. ఎముక విరిగిందనుకున్నాము. విరిగినది ఎముక కాదని తెలియడానికి మాకు సుమారు రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలూ మోతీ అన్నం మానలేదు. గిన్నె ఖాళీ చేస్తూనే ఉన్నది. అయితే కొన్ని చిన్నచిన్న మార్పులు వచ్చాయి. బంతి విసిరితే పరుగెత్తుకొని పోయేది, నోట కరుచుకొనేది, సగం దారిలో జారవిడిచేది. ఎడమ చెంప నిమరబోతే తల ప్రక్కకు త్రిప్పుకొనేది. ముందరి ఉత్సాహం లేక, మూలన పడుకోవడం ఎక్కువైంది. వయస్సు మీద పడుతున్నది గదా అనుకున్నాను. మా అమ్మ మాత్రం ఒకనాడు, "అది కుడి ప్రక్కనే నములుతున్నది నాయనా, గమనించావా?" అన్నది. "తింటూనే ఉన్నది గదమ్మా, ఇంక బాధేముంటుంది?" అన్నాను. ఆ మాటలో ఎంత అజ్ఞానమున్నదో నాకు తరువాత తెలిసింది.

కొన్నాళ్ళకు మోతీ ఎడమ కంటి క్రింద చిన్న వాపు లేచింది. ఏదో కుట్టి ఉంటుందని పసుపు పెట్టాము. వాపు పగిలి చీము కారింది, మానింది, పది రోజులకు మళ్ళీ లేచింది. అప్పుడు గాని పశువైద్యుని వద్దకు తీసుకొని పోలేదు. ఆయన కంటి క్రింది పుండును ఒక్కసారి చూచి, దానిని విడిచిపెట్టి, మోతీ పెదవిని మెల్లగా పైకెత్తాడు. పై దవడలో ఒక పెద్ద పన్ను, నిలువునా చెక్క లేచిపోయి, నడుమ నల్లని చుక్కతో కనబడింది. "పుండు కంటి క్రిందనే ఉన్నది గాని, జబ్బు అక్కడిది కాదు, ఇక్కడిది" అన్నాడాయన.

శ్రోతలకు ఈ పంటిని కొంచెం పరిచయం చేయవలసి ఉన్నది. పెరిగిన కుక్కకు మొత్తం 42 పళ్ళు. పై దవడలో 20, క్రింది దవడలో 22. ముందరి కొరుకుడు పళ్ళు 12, కోరలు 4, వాటి వెనుక అగ్రచర్వణకాలు 16, అన్నిటికంటె వెనుక చర్వణకాలు 10. మనకు 32 మాత్రమే. మన దవడపళ్ళు తిరుగలి రాళ్ళవలె ఒకదానిపై ఒకటి ఆని నూరుతాయి. కుక్క దవడపళ్ళలో ముఖ్యమైనవి కత్తెర అంచులవలె ఒకదాని ప్రక్కగా మరొకటి జారి కోస్తాయి. పై దవడలో కోర తరువాత నాలుగవది, క్రింది దవడలో చర్వణకాలలో మొదటిది, ఈ రెండూ కలిసి ఆ కత్తెర. మాంసం కోయడానికి ప్రకృతి చేసిన పనిముట్టు అది. మోతీకి విరిగినది ఆ పైపన్నే. ఎముకలు కొరికే కుక్కలలో తరచుగా విరిగేదీ అదే.

కుక్క పన్ను చూడడానికి ఎంతో బలంగా కనబడుతుంది. ఎముకను కూడ నలిపే దవడ గదా అనుకుంటాము. దవడ బలం వేరు, పంటి బలం వేరు. మనిషి పంటిమీది పింగాణి పొర మందమైనచోట రెండున్నర మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. కుక్క పంటిమీద అది చాలాచోట్ల అర మిల్లీమీటరుకు మించదు. దవడ బలమంతా ఒక గట్టి వస్తువు మీద పడి, ఆ వస్తువు లొంగకపోతే, పన్నే లొంగుతుంది. పంటి ప్రక్కభాగం పెంకువలె లేచిపోతుంది.

ఒకసారి విరిగిన పింగాణి మళ్ళీ పెరగదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం కలుస్తుంది, పింగాణికి మాత్రం ఆ గుణం లేదు. ఆ పొరను నిర్మించే జీవకణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. మొజంజాహీ మార్కెట్టు శిథిలమైతే నిపుణులు వచ్చి, మసి కడిగి, రాళ్ళ సందులు పూడ్చి, 2020 నాటికి దానికి పూర్వపు రూపం తెచ్చారు. పన్ను రాయివంటిదే గాని, దానికి బాగుచేత లోపలినుండి రాదు, బయటినుండి మనమే చేయించవలె.

పంటి నడుమ ఒక సన్నని గది ఉన్నది. అందులో మెత్తని గుజ్జు, దానిలో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పన్ను లోతుగా విరిగితే ఆ గది తలుపు తెరుచుకొన్నట్లే. విరిగిన క్షణాన నడుమ ఎర్రని చుక్క కనబడుతుంది. అప్పుడు నొప్పి తీవ్రం. రోజులు గడిచేకొద్దీ నోటిలోని సూక్ష్మక్రిములు ఆ దారిన లోపలికి దిగి గుజ్జును చంపుతాయి. ఎర్రని చుక్క గోధుమరంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది. చచ్చిన గుజ్జునుండి క్రిములు వేళ్ళ కొసలకు పోయి, అక్కడ ఎముకలో చీముగడ్డను కడతాయి. పై దవడలోని ఈ పెద్ద పంటికి మూడు వేళ్ళు. వాటి కొసలు కంటికి దిగువనే ముగుస్తాయి. కనుక ఆ చీము కంటి క్రింద వాపుగా బయటపడుతుంది. మేము పసుపు పెట్టినది చీము ద్వారానికి, చీము పుట్టినచోటికి కాదు.

ఇంత జరుగుతున్నా ఆ జంతువు అన్నం ఎట్లా తింటుంది? ఇదే మనలను మోసపుచ్చే ప్రశ్న. కుక్కకు తిండి మానుకోవడమంటే ప్రాణం మీది ఆశ మానుకోవడమే. నొప్పి లేని ప్రక్కన నములుతుంది, నమలలేకపోతే మ్రింగుతుంది. బాధను బయటికి చూపడం దాని స్వభావంలో తక్కువ. కాబట్టి తిండి తినడాన్ని ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోరాదు. చూడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. ఒక ప్రక్కనే నమలడం, నోటినుండి మెతుకులు రాలడం, గట్టి తిండి వదిలి మెత్తనిది వెదకడం, ముఖాన్ని నేలకో ముంగాలికో రుద్దుకోవడం, చొంగలో రక్తపు చార, నోటి దుర్వాసన, ఇష్టమైన ఆటమీద విముఖత. ఒక ప్రక్క పళ్ళమీద గార దట్టంగాను, రెండవ ప్రక్క పలుచగాను ఉంటే, దట్టంగా ఉన్న ప్రక్కన అది నమలడం మానివేసి ఉండవచ్చు.

పెంపుడు కుక్క ఉన్న ప్రతి ఇంటివారూ వారానికొకసారి దాని పెదవి ఎత్తి చూడడం అలవాటు చేసుకోవలె. నోరు బార్లా తెరవనక్కరలేదు. దాని ప్రక్కన కూర్చొని, ఒక చేత్తో గడ్డం పట్టి, రెండవ చేతి వ్రేలితో పై పెదవిని చెవివైపుకు మెల్లగా లాగితే చాలు, దవడపళ్ళు వెలుపలి ప్రక్క కనబడతాయి. రెండు ప్రక్కలా పోల్చి చూడవలె. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరవవచ్చు కనుక, అది మూలిగినా, గుర్రుమన్నా బలవంతం చేయక వైద్యునికి విడిచిపెట్టడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే ఈ ప్రసంగం మేలు కంటె కీడు చేస్తుంది. మార్కెట్టు వసారాల క్రింద, బజారు అరుగులమీద మనమెరిగిన వీధికుక్కలు ఎన్నో ఉంటాయి. దుకాణదారులు వాటికి బిస్కెట్లు వేస్తారు, పేర్లు పెడతారు. అటువంటి కుక్క ఒకనాడు క్రింది దవడ వేలవేసి, చొంగ కారుస్తూ, మ్రింగలేక అవస్థపడుతూ కనిపిస్తే, పాపం పన్ను విరిగిందో, గొంతులో ఎముక అడ్డుపడిందో అని జాలిపడి నోటిలో చేయి పెట్టబోతారు. ఎన్నటికీ అట్లా చేయరాదు. రేబిస్ వ్యాధిలో ఒక రకం సరిగ్గా ఈ రూపంలోనే వస్తుంది. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అనుకుంటాము. దవడ కండరాలు చచ్చుపడి, నిశ్శబ్దంగా ఒక మూల కూర్చునేది కూడ పిచ్చికుక్కే కావచ్చు. దాని చొంగ మన చేతిమీది చిన్న గీరుకు తగిలినా ప్రమాదమే. దూరంగా ఉండి, పిల్లలను దూరంగా ఉంచి, పురపాలక సిబ్బందికిగాని పశువైద్యశాలకుగాని కబురు చేయవలె. కాటో, గీరో, చొంగో తగిలితే ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోవలె. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం అత్యంత అరుదు.

ఇక మన ఇంటి కుక్క పన్ను విరిగిందని తెలిస్తే ఏమి చేయవలె? మొట్టమొదట, ఏమి చేయరాదో చెబుతాను. మన ఇంట్లోని నొప్పి మాత్రలు వేయరాదు. మనకు తలనొప్పి తీర్చే పారాసిటమాల్, ఒళ్ళునొప్పులు తీర్చే ఐబుప్రొఫెన్ కుక్క కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. లవంగనూనె పూయడం, పటిక నీళ్ళు పోయడం వంటి ఇంటి చిట్కాలు వద్దు. విరిగిన ముక్క దొరికితే దాచవలె. తిండి మెత్తగా, గోరువెచ్చగా పెట్టవలె. వీలైతే ఆ రోజే, లేకుంటే మరునాడు వైద్యునికి చూపవలె.

ఇక్కడ కాలానికి చాలా విలువ ఉన్నది. లేత వయస్సు కుక్కకు పన్ను విరిగి రెండు రోజులు దాటకపోతే, బయటపడిన గుజ్జులో పైభాగం మాత్రమే తొలగించి, మిగిలినదానిపై మందు కప్పి, పన్నును సజీవంగా నిలబెట్టే అవకాశం ఉన్నది. ఆ గడువు దాటితే దారులు రెండే. పంటిని నిలుపుకోదలిస్తే లోపలి గుజ్జంతా తీసి, గదిని శుభ్రపరచి, పూడ్చివేయడం, అనగా మనుష్యులకు చేసే రూట్ కెనాల్ చికిత్స. లేదా పన్ను తీసివేయడం. రూట్ కెనాల్‌కు ప్రత్యేకమైన పనిముట్లు, శిక్షణ కావలె, ఖర్చు ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. తీసివేయడం చిన్నతనమేమీ కాదు. సరిగా తీసిన పన్ను లేకుండా కుక్క హాయిగా బ్రతుకుతుంది, చచ్చిన పన్నుతో బ్రతకలేదు. ఈ రెండూ కాక మూడవ దారి ఒకటి మనమందరమూ ఎన్నుకొనేది ఉన్నది. 'చూద్దాంలే' అనడం. అది చికిత్స కాదు.

పాలపన్ను విరిగితే ఎట్లాగూ ఊడేదే గదా అని ఊరకుండడం కూడ పొరపాటే. కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. నాలుగవ నెలనుండి అవి రాలి, ఏడవ నెలకు పక్కా పళ్ళు వస్తాయి. విరిగిన పాలపంటి వేరుకు చీము పడితే దాని అడుగున పెరుగుతున్న పక్కా పన్ను చెడిపోతుంది. మరొక సంగతి. పామరేనియన్ వంటి చిన్న జాతులలో పాలకోర ఊడకుండానే దాని ప్రక్కన క్రొత్త కోర మొలుస్తుంది. రెండింటి సందున తిండి చిక్కి చిగురు చెడుతుంది, పలువరుస వంకర పోతుంది. ఒకేచోట రెండు కోరలు కనబడితే వైద్యునికి చూపవలె.

ఈ పనులన్నిటికీ కుక్కకు మత్తుమందు ఇవ్వక తప్పదు. నోరు తెరిచి కదలక కూర్చోమని దానికి చెప్పలేము. పంటి వేళ్ళ స్థితి ఎక్స్-రేలో గాని తెలియదు. ముసలి కుక్కకు మత్తు ఎట్లా ఇస్తారని భయపడేవారున్నారు, నేనూ భయపడ్డాను. ముందుగా రక్తపరీక్ష చేసి, గుండెను, మూత్రపిండాలను చూచుకొని ఇచ్చే మత్తువల్ల ప్రమాదం తక్కువ. నెలల తరబడి నోటిలో చీముతో బ్రతకడం చిన్న ప్రమాదం కాదు. మన నగరంలో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. 1946లో నెలకొన్న పశువైద్య కళాశాల రాజేంద్రనగరులో ఉన్నది. జిల్లాలలోని శ్రోతలు తమకు దగ్గరలోని పశువైద్యుని అడిగి, తగిన సౌకర్యమున్నచోటికి పోవచ్చును.

మోతీకి పన్ను తీసివేశారు. మూడు వేళ్ళ పంటిని ఒక్కపెట్టున లాగితే వేళ్ళు విరిగి లోపల నిలిచిపోతాయి కనుక, దానిని ముక్కలుగా కోసి, ఒక్కొక్క వేరునూ విడిగా తీశారు. చిగురు కలిపి, తమంతట కరిగిపోయే కుట్లు వేశారు. రెండు వారాలు మెత్తని పెరుగన్నం. మూడవనాడు ఉదయం నేను వరండాలో పత్రిక చదువుతుండగా పాదాలమీద ఏదో తడిగా తగిలింది. చూస్తే బంతి. ఎదురుగా మోతీ తోక ఊపుతూ నిలబడి ఉన్నది. రెండు నెలలుగా నేను దాని ముసలితనం అనుకొన్నది ముసలితనం కాదు, పంటినొప్పి. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషంలో సిగ్గు పాలు కూడ కొంత ఉన్నది.

విరిగిన పన్ను ఒక్కటే కాదు, చెడిన చిగురు కూడ కుక్కను బాధిస్తుంది. నిజానికి అదే ఎక్కువ. మూడేళ్ళు దాటిన కుక్కలలో చాలావాటికి ఎంతో కొంత చిగురు జబ్బు ఉంటుంది. కుక్కలకు మనవలె పుచ్చుపళ్ళు అరుదు. వాటి శత్రువు పాచి. తిన్న తరువాత పళ్ళమీద మెత్తని పాచి పడుతుంది. రెండు మూడు రోజులలో అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గారమీద మళ్ళీ పాచి. అది చిగురు క్రిందికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను తినివేస్తుంది. కుక్క నోరు కంపుకొట్టడం సహజమని మనలో ఒక నమ్మకం ఉన్నది. అది సహజం కాదు, జబ్బుకు తొలి సూచన. గార కట్టిన తరువాత గోటితోనో చాకుతోనో గీకరాదు. పైకి పన్ను తెల్లబడుతుంది గాని, చిగురు క్రింద ఉన్నది అక్కడే ఉంటుంది. దానిని వైద్యుడు మత్తుమందు ఇచ్చి తీయవలసిందే.

పాచిని మాత్రం మనమే తీయవచ్చు. మొదటివారం వ్రేలికి తడిపిన మెత్తని గుడ్డ చుట్టి పళ్ళ వెలుపలి ప్రక్క రుద్దవలె. అలవాటైన తరువాత మెత్తని బ్రష్షు పట్టవచ్చు. ప్రతిరోజూ ఒక్క నిమిషం చాలు. అయ్యాక ఒక మంచిమాట, చిన్న తాయిలం. కాని మన టూత్‌పేస్టు వాడరాదు. కుక్క ఉమ్మివేయదు, మ్రింగుతుంది. మన పేస్టులలోని ఫ్లోరైడు దానికి మంచిది కాదు. కొన్నింటిలో తీపికై కలిపే జైలిటాల్ అనే పదార్థం కొద్దిపాటి మోతాదులోనే కుక్క ప్రాణానికి ముప్పు తెస్తుంది. కుక్కలకని తయారుచేసిన పేస్టు దొరుకుతుంది. అది లేనినాడు ఉత్త నీళ్ళు మేలు.

ఎముకలు కొరికితే పళ్ళు శుభ్రపడతాయి గదా అని అడుగుతారు. కొంత గార రాలవచ్చు, దానితో పన్నూ రాలవచ్చు. వండిన ఎముక పదునైన పేళ్ళుగా విరిగి గొంతులో, ప్రేగులలో గుచ్చుకుంటుంది. నల్లి ఎముకలు, జింక కొమ్ములు, గిట్టలు, రాళ్ళు, మంచుగడ్డలు, ఇవన్నీ పళ్ళు విరిచేవే. నమలడానికి ఏదైనా ఇచ్చే ముందు మన బొటనవ్రేలి గోటితో నొక్కి చూడవలె. గోరు దిగితే ఇవ్వవచ్చు. గోరు దిగనిది కుక్క పంటికీ లొంగదు.

ఆంధ్ర మహాభారతంలో నన్నయ భట్టారకుడు తొలి కథలలో ఒకటిగా సరమ కథను చెప్పాడు. జనమేజయుని యజ్ఞశాల వద్ద ఆడుకుంటున్న తన బిడ్డను రాజు తమ్ముళ్ళు కొట్టారని, దేవతల కుక్క సరమ రాజసభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలదీసింది. ఆ కథలో కుక్కకు నోరున్నది. మన వరండాలోని కుక్కకు అది లేదు. దాని తరపున అడగవలసినవారు దానికి అన్నం పెట్టేవారే.

మొన్న మళ్ళీ మార్కెట్టు వైపు పోయినప్పుడు ఆ దుకాణం వాడు మామూలుగా నల్లి ఎముక తీశాడు. వద్దన్నాను. "కుక్కకు ఎముక వద్దా సాబ్?" అని ఆశ్చర్యపోయాడు. మోతీ కథ చెప్పాను. చేతిలోని కత్తి ప్రక్కన పెట్టి పూర్తిగా విన్నాడు. తరువాత లేత మాంసపు ముక్కలు కాసిని పొట్లం కట్టి ఇస్తూ, తమ ఇంటి దగ్గర కూడ ఒక కుక్క ఉన్నదని, ఈ మధ్య అది ఒక ప్రక్కనే తింటున్నదని అన్నాడు.

మీ ఇంటి కుక్క ఈ మాటలు సాగుతున్నంతసేపూ బహుశః మీ కుర్చీ ప్రక్కనే పడుకొని ఉండవచ్చు. రేడియో కట్టిన తరువాత, దాని తల ఒళ్ళోకి తీసుకొని, పెదవి ఎత్తి, రెండు ప్రక్కలా ఒకసారి చూడండి.